కొల్లేటి సీమకు ప్రయోగశాల

2020వ సంవత్సరము డిసెంబరు మొదటివారమున ఏలూరు పట్టణము పడిన యాతనను ఈ యూరివారెవ్వరును మరచియుండరు. 5వ తేదీ మొదలుకొని కొలది దినములలో 600 మందికి పైగా జబ్బుపడిరి. వీథిలో నడచుచున్నవారు నడచుచుండగనే సొమ్మసిల్లిరి. పిల్లలు మూర్ఛవచ్చినట్లు కొట్టుకొనిరి. కరోనా మహమ్మారి వదలకమునుపే మరియొక పేరులేని రోగము దాపురించెనని ఊరంతయు ఉడికిపోయెను. రోగుల రక్తమును, త్రాగునీటిని, పాలను సీసాలలో పట్టి హైదరాబాదునకును ఢిల్లీకిని పంపిరి. కొందరి రక్తమున సీసము, నికెలు కనబడినవని ఎయిమ్స్ వారు చెప్పిరి. పురుగుమందుల యవశేషములే ముఖ్యకారణమని తరువాత ప్రభుత్వము ప్రకటించెను. ఆ విషము ఏ త్రోవను, ఏ తిండితో, ఏ నీటితో ఇంతమంది దేహములలో ఒక్కమారు చొచ్చెనో అను ప్రశ్నకు మాత్రము ఆ డిసెంబరులో జవాబు రాలేదు.

మేమును ఆ దినములలో కొందరు వాలంటీర్లతో కలిసి ఆ వీథులు తిరిగితిమి. ఒక యింటి యిల్లాలు మమ్ము నిలిపి, "అయ్యా, మావాడి చేతినుంచి మూడుసార్లు నెత్తురు తీసుకుపోయారు. ఏం తేలిందో ఎవరూ చెప్పలేదు. మీరు చదువుకున్నవారు గదా, మీకైనా తెలుసునా?" అని యడిగినది. మాకును తెలియదు. న్యాయవాద వృత్తిలో ఇరువది సంవత్సరములు గడపిన మాకు ఆ ప్రశ్న కోర్టులో ఎదురైన ఏ ప్రశ్నకంటెను బరువుగా తోచినది. అడుగుటకు ఆమెకు హక్కు కలదు. జవాబు చెప్పుటకు ఒకరికి బాధ్యతయు కలదు. చెప్పువారు మాత్రము కానరారైరి. నేటి మా వ్యాసమునకు ఆ ప్రశ్నయే మూలము.

ఏలూరి యుదంతము సూక్ష్మజీవులవలన కలిగినదని మేము చెప్పుట లేదు. దానిని తలపునకు తెచ్చుటకు వేరు కారణము కలదు. మూర్ఛలు వచ్చి పదిమంది ఒక్కచోట పడిపోయినచో మంత్రులు వత్తురు, నిపుణులు వత్తురు, సీసాలు విమానములెక్కును. కాని ప్రతి సంవత్సరము తొలకరి కురిసి కాలువలకు క్రొత్తనీరు వచ్చిన తోడనే ఈ సీమలో ఇంటింట వచ్చు కడుపు జబ్బులకు ఏ సీసాయు ఎక్కడికిని పోదు. విరేచనములు, జిగట విరేచనములు, వారములతరబడి వదలని జ్వరము: ఇవి మనకు ఋతుధర్మములైపోయినవి. ఉప్పు పంచదార కలిపిన నీళ్లు త్రాగింతురు. మందుల దుకాణమున నాలుగు బిళ్లలు కొనితెత్తురు. పిల్లవాడు కోలుకొనిన దేవుని దయ, కోలుకొననిచో తలవ్రాత. ఏ జీవి కరచినది, ఆ జీవి ఏ విషమును కక్కినది, ఆ విషము ప్రేవులలో దేనిని పాడుచేసినది అని అడిగినవారు లేరు.

ఈ సీమ స్వరూపమును పాఠకులెరుగుదురు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లమున కొల్లేరు పరచుకొనియున్నది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మెరకనుండి నీరు తెచ్చి అందులో పోయును. సముద్రమునకు పోవు దారి ఉప్పుటేరు ఒక్కటియే. పై యూళ్లు వదలిన ప్రతిదియు, పొలమున చల్లిన మందు, చేపల చెరువులలో కలిపిన మందు, పట్టణపు మురుగు, తుదకు ఈ పల్లమునకే చేరును. 2002లో కొల్లేటిని రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తించిరి. 2006లో ప్రభుత్వము కొల్లేటిలోని చేపల చెరువుల గట్లను కూలద్రోయించెను. పక్షులకొరకును, చెరువుల హద్దులకొరకును న్యాయస్థానములలో జరిగిన వాదములు మాకు తెలియును. కాని ఆ నీటి యొడ్డున బ్రతుకు మనుష్యుని కడుపును గూర్చి ఎవరును వాదించినట్లు మేమెరుగము.

శాస్త్రజ్ఞులు ఈ విషయమున ఏమి కనుగొనిరో మన పఠనమందిరములలో కూర్చుండువారు తెలిసికొనవలెను. వాజ్యములు నడపువారము కనుక మాకు తెలిసిన రీతిని చెప్పెదము. 1884లో రాబర్ట్ కాక్ అను జర్మను వైద్యుడు కలకత్తాలో కలరా రోగులయందును, అక్కడి చెరువునీటియందును ఒకే సూక్ష్మజీవిని చూచెను. ముద్దాయి దొరికెను. కాని ఆ ముద్దాయి చంపుట ఎట్లు? ఈ ప్రశ్నకు డెబ్బదియైదు సంవత్సరములు జవాబు లేదు. 1959లో కలకత్తా వైద్యుడు శంభునాథ్ డే ఆ జీవులను పెంచిన ద్రవమును వడగట్టి, జీవి యొక్కటియు లేని ఆ తేటను కుందేలు ప్రేవులో పోసి చూచెను. ప్రేవు నీటితో ఉబ్బెను. జీవి లేకున్నను దాని విషమొక్కటియే చాలునని తేలెను. హంతకుడు చెంత లేనప్పుడు అతని ఆయుధమును పట్టుకొని చూపిన సాక్ష్యమది. పేద సామగ్రితో, మన దేశమున, మన రోగముపై జరిగిన యీ పరిశోధనను లోకము మెల్లగా గుర్తించెను. 1978లో నోబెల్ సంస్థవారు ఏర్పరచిన పండితసభకు డే గారిని పిలిచిరి. మన దేశము మాత్రము ఆయనకు బ్రతికియుండగా తగిన సత్కారము చేయలేదు. 1985లో ఆయన గతించెను.

కలరా విషము ప్రేవుల గోడను పగులగొట్టదు. లోపలి కణములను మోసపుచ్చి, అవి దేహములోని ఉప్పును నీటిని తామే బయటికి పారబోయునట్లు చేయును. కాని ఉప్పును చక్కెరను కలిసి లోనికి తీసికొను ద్వారమును అది మూయలేదు. ఈ యొక్క సంగతి తెలియుటవలన ఉప్పు పంచదార నీళ్ల చికిత్స నిలువద్రొక్కుకొనెను. 1971లో బంగ్లాదేశపు కాందిశీకులు బన్‌గావ్ శిబిరములలో కలరాతో రాలిపోవుచుండగా దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు ఆ నీళ్లనే పీపాలలో కలిపి త్రాగించెను. నూటికి ముప్పదిమంది వరకు చచ్చుచున్న చోట మరణములు నూటికి నాలుగునకు లోబడెను. నేడు మన పల్లెలో తల్లి తన బిడ్డకు త్రాగించు గ్లాసెడు నీళ్ల వెనుక ప్రయోగశాలలో పడిన శ్రమ అంత కలదు.

ఇక గోడను పగులగొట్టు విషములు వేరు. మన ప్రేవుల లోపొర ఒక్క వరుస కణములతో కట్టినది. అయిదారు దినములలో ఆ కణములన్నియు రాలిపోయి క్రొత్తవి వచ్చుచుండును. లోపల కోట్లకొలది సూక్ష్మజీవులు, వెలుపల నెత్తురు, నడుమ ఆ పలుచని గోడ. ఇటుకకు ఇటుక సున్నముతో అంటినట్లు కణమునకు కణము కొన్ని ప్రోటీనులతో అంటుకొనియున్నది. అట్టి ప్రోటీనులలో ఒక తెగను జపానులోని క్యోటో పండితుడు మసతోషి తకెయిచి కనుగొని క్యాడ్‌హెరిన్లని పేరుపెట్టెను. ప్రేవులయందున్నది ఇ-క్యాడ్‌హెరిన్. దానిని తయారుచేయు జన్యువు పేరు సి.డి.హెచ్.1. ఈ ప్రోటీను పట్టు విడిచినచో గోడలో సందులు పడును.

1998వ సంవత్సరము ఈ విషయమున చిరస్మరణీయమైనది. ఆ సంవత్సరముననే మూడు సంగతులు వెల్లడియయ్యెను. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు, మన పెద్దప్రేవులో మామూలుగా కాపురముండు బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అను జీవిలోని ఒక జాతి కక్కు విషము ఇ-క్యాడ్‌హెరిన్‌ను తెగగొట్టునని చూపిరి. క్యోటోలో త్సుకితా గారి ప్రయోగశాల, కణముల నడుమ సందులను బిగించు మరియొక తెగ ప్రోటీనులను కనుగొని క్లాడిన్లని పేరుపెట్టెను. న్యూజీలండులో ఒక మావోరీ కుటుంబమున తరతరములుగా వచ్చుచున్న కడుపు క్యాన్సరునకు సి.డి.హెచ్.1 జన్యువులోని లోపమే కారణమని తేలెను. అనగా ఒకచోట విషము త్రెంచిన త్రాడే, మరియొకచోట పుట్టుకతోనే బలహీనమై వచ్చుచున్నది. రెండు త్రోవలు ఒకే గోడను చేరినవి.

ఇందొక వింత కలదు. పాచిన మాంసమువలన విరేచనములు కలిగించు క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అను జీవి విషము ప్రేవుల కణములపై దేనిని పట్టుకొనునో వెదకుచు పండితులు 1997లో ఒక ప్రోటీనును పట్టిరి. అది క్లాడిన్ల తెగలోనిదని తరువాత తెలిసినది. మన యింటి గడియ ఏదో మనకు తెలియకమునుపే కన్నపుదొంగకు తెలిసియున్నదన్నమాట. నేడు ఆ దొంగను వెంబడించి గడియలను కనుగొను విద్య మిక్కిలి పెరిగినది. మనుష్యునియందు ప్రోటీనులను తయారుచేయు జన్యువులు దాదాపు 20,000 కలవు. పెంచిన కణములలో ఒక్కొక్కదానియందు ఒక్కొక్క జన్యువును పనిచేయకుండ చేసి, వానిపై విషమును పోసి, ఏవి బ్రతికి బయటపడినవో చూతురు. బ్రతికిన కణమున ఏ జన్యువు పోయినదో అదియే విషమునకు త్రోవ యిచ్చుచున్న జన్యువు. ఇట్టి వెదకులాటలవలననే, క్లాస్ట్రీడియం డిఫిసిల్ అను జీవి విషమునకు నెక్టిన్-3 అను అంటుకట్టు ప్రోటీను పట్టుకొమ్మ యగునని 2015లోను, ఫ్రిజిల్డ్ అను మరియొక తెగయు పట్టుకొమ్మ యగునని 2016లోను తెలియవచ్చెను. పట్టుకొమ్మ తెలిసినచో దానిని మరుగుపరచు మందును వెదకవచ్చును. ఇదియే యీ పరిశోధనల ప్రయోజనము.

ఈ డిఫిసిల్ జీవి మనకు దూరపు చుట్టము కాదు. ఎదురుచూడక యాంటిబయాటిక్ బిళ్లలు మ్రింగినవారి ప్రేవులలో మంచి జీవులు చచ్చి, ఖాళీపడిన ఇంటిలో ఇది చేరును. చీటి లేకయే బిళ్లలమ్ము దుకాణములు గల దేశమున దీనిని గూర్చి తెలిసికొనుట విలాసము కాదు. ఇంకొక సంగతి గమనింపుడు. రోగి మలమునందలి దీని విషము మామూలు వేడిమిలో 2 గంటలలోనే చెడిపోయి పరీక్షకు దొరకకపోవచ్చును. కావున నమూనాను వెంటనే పరీక్షింపవలెను, లేదా చల్లగా నిలువయుంచవలెను. ఏలూరినుండి హైదరాబాదునకు ఏ బండి 2 గంటలలో పోవును? సాక్ష్యము దారిలోనే నశించిన పిమ్మట ముద్దాయి నిర్దోషియని తీర్పు వచ్చుటలో ఆశ్చర్యమేమి? కడుపు జబ్బుల నిజము కనుగొనుటకు ప్రయోగశాల రోగి యింటికి సమీపముననే యుండవలెననుటకు ఇంతకంటె సాక్ష్యము వలయునా?

ఈ పని మనవలన అగునా అని సందేహించువారికి కొల్లేటికి కూతవేటు దూరమున భీమవరమున 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారిని చూపెదము. స్ప్రూ అను ప్రేవుల జబ్బు ఆయన యిద్దరు సోదరులను పొట్టనబెట్టుకొనెను. ఆయనకును ఆ జబ్బు సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువు దినములలో గాంధీమహాత్ముని పిలుపు విని శస్త్రచికిత్సా గదికి ఖద్దరు వస్త్రమును ధరించి పోయెను. దొర యాచార్యునికి అది కంటగింపైనది; ఆయనకు ఎం.బి.బి.యస్. పట్టము దక్కక అంతకంటె తక్కువదియగు ఎల్.ఎం.యస్. మాత్రమే దక్కెను. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి యిచ్చిన యూతయు, మామగారి సాయమును తోడుకాగా 1922లో అమెరికా చేరెను. లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడపించిన పరిశోధనలవలన 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. అది స్ప్రూ రోగులను లేవదీసెను. ఆయన యాజమాన్యముననే 1948లో ఆరియోమైసిన్ వెలువడెను. అది టెట్రాసైక్లిన్ల కుటుంబమునకు పెద్దకొడుకు. తరువాతి కాలమున వైద్యులు స్ప్రూనకు నిర్ణయించిన చికిత్స ఏమి? ఫోలిక్ ఆమ్లమును టెట్రాసైక్లినును కలిపి యిచ్చుట! తన యన్నదమ్ములను తిన్న జబ్బును చంపు రెండు బాణములును ఒకే తెలుగువాని ప్రయోగశాల త్రోవను వచ్చినవి. వానిని చూచుచు ఆయన ఎక్కువకాలము బ్రతుకలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కున దేహము చాలించెను.

స్ప్రూనకు కారణము వెదకినవారు తరువాత ఎచ్చటికి చేరిరో చూడుడు. 1960 తరువాత దక్షిణదేశపు పల్లెలలో ఆ జబ్బు సాంక్రామికముగా రేగినప్పుడు వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలోని బేకరు, మాథన్ గారలు ఊరూర తిరిగి పరిశోధించిరి. ఇతర దేశములలో స్ప్రూ రోగుల చిన్నప్రేవులనుండి విషము కక్కు సూక్ష్మజీవులను పట్టిరి. అనగా సుబ్బారావుగారి యింటిని కూల్చిన జబ్బునకును, నేడు ప్రయోగశాలలలో శోధించుచున్న ప్రేవుల విషములకును చుట్టరికము కలదు. ఈ కథ మన సీమలో మొదలైనది. మన సీమలో దీనిని చదువు ప్రయోగశాల మాత్రము లేదు.

ఇచ్చట ఒక యాక్షేపణను న్యాయముగా ఎదుర్కొనవలెను. "మంచినీళ్లు లేనివానికి జన్యువుల గొడవ ఎందుకు? గొట్టపు నీళ్లు శుద్ధిచేసి యిచ్చి, మరుగుదొడ్లు కట్టించి, మురుగు త్రిప్పినచో జబ్బులన్నియు తామే పోవును గదా. ప్రయోగశాలకు పెట్టు డబ్బు ఆ పనికే పెట్టరాదా?" అని మా మిత్రులలో పెద్దలే అడుగుచున్నారు. ఇది తీసివేయదగిన ప్రశ్న కాదు. నీరే మొదటి మందు. దానిలో వివాదము లేదు. ఐరోపా పట్టణములనుండి కలరాను తరిమినది జన్యుశాస్త్రము కాదు, మంచినీటి గొట్టములును మురుగు కాలువలునే. ప్రయోగశాలను చూపి నీటి పథకమును వాయిదావేయు ప్రభుత్వమున్నచో దానిని మేమే మొదట ఖండింతుము.

అయినను రెండు మాటలు చెప్పవలసియున్నది. నీరు చెడినదని నిరూపించువారెవరు? ఏలూరిలో ఆ డిసెంబరున ప్రజలు నీటిని శంకించిరి, పాలను శంకించిరి, కూరగాయలను శంకించిరి. శంక యెంత యున్నను రుజువు కానిదే బాధ్యుడు దొరకడు. బాధ్యుడు దొరకనిదే పరిహారము లేదు. కోర్టులో మేము దినదినము చూచునది ఇదియే. పేదవాని పక్షమున సాక్ష్యమిచ్చునట్టిది పరీక్షాఫలము తప్ప వేరులేదు. ఇది మొదటి మాట. రెండవది: చెడ్డనీటి మధ్య ఏండ్లకొలది పెరిగిన బిడ్డల ప్రేవులు జబ్బు పైకి కానరాకున్నను లోలోపల దెబ్బతినుచున్నవి. లోపొరయందలి మడతలు పొట్టివై, గోడ వదులై, తిన్నది ఒంటబట్టదు; బిడ్డ ఎదుగడు. నోట పోయు టీకాలు సయితము అట్టి ప్రేవులలో తక్కువగా పనిచేయునని పండితుల అనుమానము. హైదరాబాదున తయారైన రోటావాక్ టీకానే చూడుడు. ఢిల్లీలో పసిబిడ్డలయందు దొరకిన రోటావైరస్ రకమునుండి దానిని సిద్ధముచేసిరి. 2016లో మొదట వాడుకకు తెచ్చిన నాలుగు రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎన్నో ప్రాణములు కాచిన టీకా అది. పరీక్షలలో మొదటియేట తీవ్రమైన జబ్బును నూటికి 56 పాళ్లు ఆపెను. సంపన్నదేశములలో ఇట్టి టీకాల ఫలము ఇంతకంటె హెచ్చు. ఈ తేడాకు కారణము మన బిడ్డల ప్రేవులలోనే వెదకవలెను. దానిని బోస్టనువారు వచ్చి వెదకి పెట్టవలయునా?

ఇంత చెప్పిన తరువాత పాఠకులకొక హెచ్చరికయు చేయుట మా విధి. ఫ్రాజిలిస్ విషము ఎలుకల పెద్దప్రేవులో గడ్డలను పెంచునని 2009లో చూపిరి. వంశపారంపర్యముగా పెద్దప్రేవులో కణితులు పుట్టువారి యందు ఆ జీవియు, జన్యువును గాయపరచు ఒక ఇ. కోలై జాతియు కూడియుండుటను 2018లో గమనించిరి. ఇవి గట్టి సాక్ష్యములే. కాని ఎలుకయందు రుజువైనది మనుష్యునియందు రుజువైనట్లు కాదు. ఆ జీవిని మోయుచు ఏ బాధయు లేక తిరుగు ఆరోగ్యవంతులు అనేకులు కలరు. చెంత నిలిచినవాడెల్ల నేరస్థుడు కాడుగదా! కావున ఈ వార్తలు చదివి భయపడి, "ప్రేవులను కడిగెద"మని ప్రకటనలిచ్చు దుకాణములకు పరుగెత్తవద్దు. యాంటిబయాటిక్ బిళ్లలను మరింత మ్రింగవద్దు. విరేచనములో నెత్తురు కనబడినను, కారణము లేక బరువు తగ్గినను వైద్యుని చూడుడు. సగము తెలిసిన శాస్త్రమును పూర్తిగా తెలిసినట్లు అమ్ముకొనువారు శాస్త్రమునకు శత్రువులు.

మరి ఏమి చేయవలెను? ముందు న్యూజీలండు కుటుంబపు కథను మరల తలచుకొందము. ఆ యింట 20 మందికి పైగా కడుపు క్యాన్సరుతో చనిపోయిరి. శాప మనుకొని ఊరకుండక వారే శాస్త్రజ్ఞుల యొద్దకు పోయి, "మా వంశవృక్షమిది, మా నెత్తురిది, కారణము కనుగొనుడు" అని యడిగిరి. పరిశోధనలో వారు సరుకు కాలేదు, భాగస్వాములైరి. ఫలము తెలిసిన పిమ్మట ఎవరికి ముప్పు కలదో, ఎవరికి లేదో ముందుగనే తెలిసికొని ప్రాణములు కాచుకొనుచున్నారు. ఏలూరి యిల్లాలు అడిగినదియు అదియే గదా. మూడుమార్లు నెత్తురిచ్చిన యిల్లు ఒక్కమారైనను జవాబు పొందవలదా?

మా కోర్కెలు మూడు. మొదటిది, ఏలూరు తాడేపల్లిగూడెముల నడుమ ప్రేవుల జబ్బులను, నీటిని పరీక్షించి పరిశోధించు ఒక స్థిరమైన ప్రయోగశాల నెలకొల్పవలెను. సామగ్రి శూన్యమునుండి తేనక్కరలేదు. ఏలూరిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెరచిరి. తాడేపల్లిగూడెమున 2015నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ యున్నది. అందు బయోటెక్నాలజీ శాఖయు కలదు. ప్రక్కనే వెంకట్రామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. రోగి ఒకచోట, జీవశాస్త్రము మరియొకచోట, పంటల మందులెరిగినవారు వేరొకచోట. నడుమ గంటలోపు రైలు ప్రయాణము. ఈ మూటిని ఒక్క త్రాట కట్టువారే కరవు. కలకత్తావారు 1962లోనే కలరా పరిశోధనకు ప్రత్యేక కేంద్రము పెట్టుకొనిరి. కొల్లేటికి ఇన్నేండ్లైనను ఆ యదృష్టము పట్టలేదు.

రెండవది, ప్రజలనుండి తీసిన ప్రతి నమూనాకును రసీదు ఇయ్యవలెను; ఎందుకు తీసిరో తెలుగున చెప్పి, యొప్పుదల పొందవలెను; తేలిన ఫలమును వారికి తెలుపవలెను. 2017లో భారత వైద్య పరిశోధనా మండలివారు ప్రకటించిన నీతినియమములు పరిశోధనకు ఒడంబడువారికి అర్థమగు భాషలో విషయమును తెలుపవలెనని శాసించుచున్నవి. కాగితముపై నున్న నియమము గుమ్మము దాటి వీథిలోనికి రావలెను. మూడవది, పట్టణమునందును లంక గ్రామములయందును త్రాగునీటి పరీక్షల ఫలితములను నెలనెల గ్రంథాలయముల గోడలపై తెలుగులో అంటింపవలెను. సినిమా ప్రకటనకు దొరకు గోడ నీటి ప్రకటనకు దొరకకపోదు.

పాఠకులు చేయవలసిన పనియు కలదు. ప్రభుత్వమును అడుగుట ఒక్కటియే పౌరధర్మము కాదు. ఈ వర్షకాలమున మీ వీథిలో ఎవరెవరికి, ఏ తేదీలలో, ఏ నీరు త్రాగిన పిమ్మట కడుపు జబ్బు వచ్చినదో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. దాని ఖరీదు నాలుగు కాసులు. ప్రయోగశాల వచ్చిననాడు ఆ పుస్తకమే దానికి మొదటి సాక్షి యగును. రానంతకాలము దానిని తెమ్మని అడుగు అర్జీకి ఆ పుస్తకమే జతపత్రమగును. కళాశాల విద్యార్థులు ఈ పనికి పూనుకొందురని మా నమ్మకము. అట్టి పుస్తకములు ఎవరు తెచ్చినను వానిని కలిపి, ఒక అర్జీగా వ్రాసి, సంబంధించిన యధికారుల యొద్దకు కొనిపోవు భారము మేము వహింతుము. ఫీజు అక్కరలేదు.

సుబ్బారావుగారు ఇక్కడినుండి పోయి లోకమునకు మందిచ్చిరి. ఆయన పుట్టిన సీమలో అట్టి పిల్లవాడు నేడును ఏ లంకలోనో, ఏ పేటలోనో లాంతరుదీపము క్రిందనో విద్యుద్దీపము క్రిందనో చదువుచుండవచ్చును. ఆతడు సముద్రములు దాటి పోయిన సంతోషమే. కాని పోవలసిన యవసరము లేకుండ చేయుట మన తరముయొక్క బాధ్యత. ఆ యిల్లాలికి మేమింకను జవాబు చెప్పవలసియున్నది. చెప్పునంతవరకు ఈ మాటను విడువము.